రెండు వేల రూపాయల టార్క్ రెంచి, కిరాణా కొట్టు తూకం రాళ్ళు

మా ఇంట్లో బోల్టులు బిగించే పద్ధతి ఒక్కటే. బిగించడం, ఇంకో పావు చుట్టు తిప్పడం, "ఇక కదలదు" అనుకోవడం. మా నాన్నగారి దగ్గర నేర్చుకున్నది. ఆయనది పాతకాలపు ఇనుప సైకిలు. దాని మీద ఎంత బలం చూపించినా ఏమీ అయ్యేది కాదు. మహా అయితే పానా జారి వేళ్ళు దోక్కుపోయేవి. నాది 2019లో కొన్న అల్యూమినియం సైకిలు, డిస్క్ బ్రేకులది. ఇనుముకీ అల్యూమినియానికీ ఉన్న తేడా నాకు తెలిసొచ్చేసరికి రెండు భాగాలు పాడయ్యాయి, రెండున్నర వేలు పోయాయి.

మొదటిది స్టెమ్. హ్యాండిల్ బారును పట్టుకుని ఉండే ముక్క అది. ముందువైపు పలకకు నాలుగు చిన్న బోల్టులుంటాయి, 4 మిల్లీమీటర్ల ఎలన్ కీ (ఆరు పలకల వంపు కడ్డీ) పడుతుంది. ఒకరోజు గట్టిగా బ్రేకు వేస్తే హ్యాండిల్ కాస్త కిందికి తిరిగినట్టు అనిపించింది. ఇంటికొచ్చి కీ తీసి నాలుగూ బిగించడం మొదలుపెట్టాను. మూడో బోల్టు బాగా బిగిసింది, బిగిసింది, ఇంకాస్త అనుకునేలోపు ఒక్కసారిగా తేలికైపోయింది. తిప్పుతుంటే ఊరికే తిరుగుతోంది. బయటికి లాగి చూస్తే బోల్టు మర చుట్టూ సన్నటి వెండి తీగలాగా ఏదో చుట్టుకుని ఉంది. అది స్టెమ్ లోపలి మర. మొత్తం ఊడి బోల్టుతో పాటు వచ్చేసింది. అప్పుడు కళ్ళజోడు పెట్టుకుని చూస్తే ఆ పలక మీదే చిన్న తెల్లటి అక్షరాల్లో 5 న్యూటన్ మీటర్లు అని, అంటే ఎంత మెలికి బిగించాలో, రాసి ఉంది. నాలుగేళ్ళ నుంచీ నా కళ్ళ ముందే ఉంది. అదేదో మోడల్ నంబరు అనుకున్నాను.

కొత్త స్టెమ్ 900 రూపాయలు.

రెండోది ఎడమ క్రాంక్, అంటే ఎడమ పెడల్‌ని మోసే చెయ్యి. ఆదివారాలు విశాఖలో మా ఎంవీపీ కాలనీ నుంచి బీచి రోడ్డు పట్టుకుని భీమిలి వైపు వెళ్తుంటాను. ఋషికొండ దాటాక తొట్లకొండ వైపు ఎత్తు ఎక్కుతుంటే కొన్ని వారాలుగా ఎడమ కాలి కింద టక్కు టక్కు మని చప్పుడు. పెడల్‌లో గ్రీజు అయిపోయిందనుకుని వదిలేశాను. ఒకరోజు ఆ ఎత్తు మీదే నిలబడి తొక్కుతుంటే క్రాంక్ పెడల్‌తో సహా ఊడి బూటుకు అతుక్కున్నట్టుగా నా కాలితో పాటు పక్కకి వచ్చేసింది. కిందపడలేదు, అదృష్టం. సైకిలుని ఆటోలో అడ్డంగా పెట్టుకుని ఇంటికి వచ్చాను.

నలుచదరపు ఇరుసు మీదకి నలుచదరపు కన్నం ఉన్న క్రాంక్‌ని నొక్కి బిగించే రకం నా సైకిలుది. ఇరుసు ఉక్కు, క్రాంక్ అల్యూమినియం. బోల్టు వదులుగా ఉండగా తొక్కితే ఉక్కు ఆ మెత్తటి కన్నాన్ని కొంచెం కొంచెంగా తినేసి గుండ్రంగా చేస్తుంది. ఒకసారి అలా అయ్యాక ఎంత బిగించినా నిలవదు. పారేయాల్సిందే. అది 1,600.

మా వీధి చివర సైకిల్ షాపు బాబాయ్ ఆ రెండు ముక్కల్నీ చేతిలో పట్టుకుని కాసేపు చూశాడు. "చిన్నదాన్ని చంపీసినావు, పెద్దదాన్ని ముద్దు చేసినావు బాబూ" అన్నాడు.

నిజమే. చిన్న బోల్టుకి 5 చాలు. క్రాంక్ బోల్టుకి 35 నుంచి 50 దాకా కావాలి. నేను రెండింటికీ ఒకే చెయ్యి, ఒకే ఉజ్జాయింపు వాడాను. పైగా చిన్నదానికి వాడింది పొడుగు కీ. ఒక న్యూటన్ మీటరు అంటే మీటరు పొడుగు కర్ర చివర సుమారు 100 గ్రాముల బరువు వేలాడదీస్తే రెండో చివర పడే మెలి. 5 అంటే మీటరు కర్రకి అర కిలో. కర్ర 14 సెంటీమీటర్లే అయితే మూడున్నర కిలోలు. ఏడు సెంటీమీటర్ల పొట్టి కీ అయితే ఏడు కిలోలు. అదే చెయ్యి, అదే నొక్కు, కీ పొడుగు మారితే బోల్టు మీద పడేది రెట్టింపు అవుతుంది. చేతికి తెలిసేది తాను ఎంత నొక్కుతోందో మాత్రమే, బోల్టు ఎంత మెలి పడుతోందో దానికి తెలియదు.

అందుకని టార్క్ రెంచి, అంటే ఆ మెలిని (టార్క్‌ని) కొలిచే పానా, కొన్నాను. ఆన్‌లైన్‌లో, 2,150 రూపాయలకి. సైకిలు పనివాళ్ళు వాడే పేరున్న సరుకు చూస్తే ఎనిమిది వేలు, పది వేలు, ఆ పైన. ఏడాదికి పదిసార్లు వాడే వస్తువుకి అంత పెట్టబుద్ధి కాలేదు. నేను కొన్నది క్లిక్ రకం. పిడి తిప్పి కావలసిన అంకె దగ్గర పెట్టుకోవాలి, ఆ మెలి రాగానే లోపలి స్ప్రింగు తప్పించుకుని టక్ మంటుంది. 2 నుంచి 24 దాకా అంకెలు. పెట్టెలో రెంచి మూతికి తగిలించే ఎలన్ బిట్లు, డిస్క్ బోల్టులకి నక్షత్రం ఆకారం బిట్టు, ఒక పొడిగింపు కడ్డీ, పైన ఇంగ్లీషులో ఒక పరీక్ష పత్రం ఉన్నాయి. ఆ పత్రంలో అన్ని అంకెలూ చక్కగా ఉన్నాయి. మరీ చక్కగా ఉన్నాయి. మనకి పెళ్ళిచూపుల్లో చెప్పే జీతంలాగా.

దాన్ని మొదట వాడింది నీళ్ళ బాటిల్ పెట్టుకునే కేజ్ బోల్టు మీద. ముందు తేలికైన పనితో మొదలుపెడదాం అనుకున్నాను. అదే తప్పయింది. 3 దగ్గర పెట్టి తిప్పుతున్నాను, క్లిక్ రావడం లేదు. కొత్త వస్తువు, నాకు వినబడలేదేమో అనుకుని ఇంకొంచెం తిప్పాను. లోపల ఏదో గర్ మంది. ఆ బోల్టు దిగే మర ఫ్రేములో పోసింది కాదు, పలచటి గొట్టంలో నొక్కి పెట్టిన చిన్న బుడిపె. అది మొత్తం ఫ్రేములో ఊడి తిరగడం మొదలుపెట్టింది. ఇప్పటికీ ఆ కేజ్‌ని ఒక బోల్టూ, రెండు ప్లాస్టిక్ జిప్ టైలూ మోస్తున్నాయి.

బోల్టులు పాడవకుండా కొన్న వస్తువు మొదటి రోజే ఒకదాన్ని పాడుచేసింది. వెనక్కి పంపేద్దామా అనుకున్నాను. మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. "పంపే ముందు అది తప్పో నువ్వు తప్పో చూడొచ్చు కదా నాన్నా. బలం ఇంటూ దూరమే కదా" అంది. ఆ రెండూ కొలవగలిగితే చాలు, ఇంకే యంత్రం అక్కర్లేదు. దూరానికి స్కేలు ఉంది. బరువులు?

మేం సరుకులు తెచ్చుకునే కిరాణా కొట్టులో ఎలక్ట్రానిక్ కాటా వచ్చి చాలా ఏళ్ళయింది. పాత తూకం రాళ్ళు మాత్రం బియ్యం బస్తాల వెనక తుప్పు పట్టి పడున్నాయి. ఒక సాయంత్రం వెళ్ళి రెండు రోజులకి ఇమ్మని అడిగాను. "ఏం మాస్టారూ, వ్యాపారం పెడతారా?" అన్నాడు. విషయం చెప్పాను. పూర్తిగా అర్థం కాలేదు గానీ సంచిలో వేసి ఇచ్చాడు. రెండు కిలోలవి రెండు, కిలోవి రెండు, అర కిలో, 200, 100, 50 గ్రాములవి. పెద్దవాటి అడుగున గుంటలో పోసిన సీసం మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఇంకా కనిపిస్తోంది. ఎందుకైనా మంచిదని అతని కాటా మీదే పెట్టి చూశాం. రెండు కిలోల రాళ్ళలో ఒకటి 1.985 చూపించింది. తుప్పు రాలిపోయి ఉంటుంది. "ఈ రాయితో నాకు ఎన్నేళ్ళు తూచావు?" అంటే నవ్వి, పక్కన నిలబడ్డ ఆవిడకి శనగపప్పు తూయడంలో పడిపోయాడు. ఏ రాయి అసలు బరువు ఎంతో కాగితం మీద రాసుకున్నాను. లెక్కలన్నీ ఆ అసలు బరువులతోనే.

ముక్కని కదలకుండా పట్టి ఉంచే వైస్ మా ఇంట్లో లేదు. పక్క సందులో వెల్డింగ్ షాపు కుర్రాడు తన బెంచి మీది వైస్ ఇచ్చాడు. 6 మిల్లీమీటర్ల బిట్టుని వైస్‌లో కదలకుండా బిగించి, దాని మీద రెంచి నేలకి సమాంతరంగా నిలబెట్టాం. బిట్టు మధ్య నుంచి పిడి మధ్యకి 22 సెంటీమీటర్లు. అక్కడ మార్కరుతో గీత గీసి, ఆ గీత మీద బైండింగ్ వైరు కట్టి, దానికి గుడ్డ సంచి తగిలించాం. సంచి బరువు కూడా కలుపుకున్నాం. రెంచి 5 దగ్గర పెట్టి రాళ్ళు ఒక్కొక్కటే మెల్లిగా సంచిలోకి దించడం, టక్ మన్నప్పుడు ఆపడం. అంతే పరీక్ష.

మొదటిసారి రెండున్నర కిలోల దగ్గర టక్ మంది. రెండోసారి రెండు కిలోల 350. మూడోసారి ఇంకా తక్కువ. ఆరోసారి నుంచి రెండు కిలోల 200 దగ్గర స్థిరపడింది. అలా పెట్టెలో పడి ఉన్న రెంచి లోపల గ్రీజు బిగుసుకుంటుందట, పని మొదలెట్టే ముందు నాలుగైదుసార్లు ఉత్తినే క్లిక్ కొట్టించాలి. పరీక్ష పత్రం వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఆ మాట రాసే ఉంది. నేను చదవలేదు. స్టెమ్ మీద రాసింది చదవని మనిషిని ఇది మాత్రం చదువుతానా?

ఇక లెక్క. 2.2 కిలోలు, 9.81తో, 0.22 మీటర్లతో హెచ్చిస్తే 4.75 వచ్చింది. అంటే 5 అని చెప్పి 4.75కే క్లిక్ మంటోంది, కొంచెం ముందే ఆగుతోంది, అయితే నేను కొంచెం ఎక్కువ పెట్టి వాడుకోవాలి అని కాగితం మీద రాసేశాను. మా అమ్మాయి ఆ కాగితం వంక చూసి, "మరి రెంచి బరువు ఎక్కడికి పోయింది నాన్నా?" అంది.

పోలేదు, అక్కడే వేలాడుతోంది. రెంచిని కూడా భూమి కిందికి లాగుతూనే ఉంది. కాటా మీద పెడితే 550 గ్రాములు. వేలి మీద నిలబెట్టి చూస్తే బిట్టు నుంచి 11 సెంటీమీటర్ల దగ్గర తూగింది. హెచ్చిస్తే దాదాపు 0.6. దాన్ని కలిపితే 4.75 కాస్తా 5.34 అయింది. అంటే నా రెంచి ముందే ఆగడం లేదు, ఆలస్యంగా ఆగుతోంది. 7 శాతం ఎక్కువ. నేను మొదట రాసుకున్నట్టు ఇంకా ఎక్కువ పెట్టి వాడి ఉంటే రెండో స్టెమ్ కూడా కొనేవాణ్ణేమో. అమ్మాయికి ఆ సాయంత్రం పునుగులు కొనిపెట్టాను.

మిగతావి కూడా చూశాం. 10 దగ్గర పెడితే నాలుగున్నర కిలోలకి కొట్టింది. రెంచి బరువు కలిపితే 10.3. 15 దగ్గర 6.7 కిలోలు, లెక్క వేస్తే దాదాపు సరిగ్గా 15. రెండు వేల వస్తువుకి ఇంతకన్నా ఏం కావాలి? ఇలాంటి రెంచిలకి అంతర్జాతీయ ప్రమాణం ప్లస్ మైనస్ 4 శాతం. పైఅంకెల్లో నాది అందులోనే ఉంది.

కింద మాత్రం ఘోరం. 2 దగ్గర పెట్టి చూస్తే కిలో బరువు వేశాక కొట్టింది, అంటే 2.75. అది కూడా ఒకసారి కొట్టి ఒకసారి కొట్టక. చప్పుడు కూడా ఎంత? వెల్డింగ్ షాపులో వినబడనే లేదు, చెయ్యి పెడితే సన్నగా అదిరినట్టు తెలిసింది. బాటిల్ కేజ్ సంగతి అప్పుడు అర్థమైంది. క్లిక్ రెంచి దేనికైనా దాని పూర్తి సామర్థ్యంలో కింది అయిదో వంతు నమ్మకూడదన్నది పనివాళ్ళ లెక్క. 24లో అయిదో వంతు 4.8. నాకు ఎక్కువగా కావలసినదేమో 5. అంచు మీద నిలబడ్డట్టు ఉంది నా బేరం. ఈ మాట కొనే ముందే తెలిస్తే 24 దాకా వెళ్ళేది కొనేవాణ్ణి కాదు. పైఅంకె చిన్నగా ఉన్నదో, లేక ముల్లు చూపించే పాత రకమో కొనేవాణ్ణి. ముల్లు రకంలో స్ప్రింగూ లేదు, క్లిక్కూ లేదు. కడ్డీ వంగుతుంది, వంగని ముల్లు అంకె చూపిస్తుంది. నిటారుగా పైనుంచి చూసి చదువుకుంటే చాలు, పాడవడానికి అందులో ఏమీ లేదు. చూడ్డానికి మాత్రం అందంగా ఉండదు, నేను దాన్ని వదిలేసింది అందుకే అని ఒప్పుకుంటున్నాను.

పెట్టె మూత లోపల చిన్న కాగితం అంటించాను. 5 కావాలంటే 4.6 పెట్టాలి. 10 కావాలంటే 9.7. 4 కన్నా తక్కువైతే రెంచి ముట్టుకోకూడదు. బాటిల్ కేజ్ లాంటివి పొట్టి కీ, రెండు వేళ్ళు.

తర్వాత స్టెమ్ పని, ఈసారి ఒళ్ళు దగ్గర పెట్టుకుని. సముద్రానికి కిలోమీటరు దూరంలో ఉంటే బోల్టుల పరిస్థితి ఎలా ఉంటుందో విశాఖవాళ్ళకి చెప్పక్కర్లేదు. రెండు వర్షాకాలాలు గడిచేసరికి తలల మీద ఎర్రటి పొడి. ఉక్కు బోల్టు అల్యూమినియంలో ఉప్పు గాలికి నానితే రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. తుప్పు పట్టిన మరలో టార్క్ అంకెకి అర్థం లేదు. మనం తిప్పే బలంలో సుమారు 90 శాతం రాపిడికే పోతుంది, బోల్టుని నిజంగా సాగదీసి పలకని నొక్కి పెట్టేది మిగిలిన పదో వంతే. తుప్పు వల్ల రాపిడి ఇంకాస్త పెరిగిందంటే రెంచి 5 అని కొట్టినా లోపల బోల్టు వదులుగానే ఉండొచ్చు. నాలుగూ బయటికి తీసి, పాత టూత్ బ్రష్షుతో కిరోసిన్ పెట్టి తోమి, తుడిచి, మరకీ తల అడుగుకీ సన్నగా గ్రీజు రాశాను. హ్యాండిల్ బారు పట్టే చోట మాత్రం రాయలేదు, అక్కడ జారకూడదు కదా. హ్యాండిల్ కార్బన్ నారతో చేసినదైతే అక్కడ రాయడానికి ఇసుకలా గరుకుగా ఉండే పేస్టు వేరే ఉంటుంది. తక్కువ బిగుతుతోనే జారకుండా పట్టుకుంటుంది. నాది అల్యూమినియం, ఆ బాధ లేదు.

నాలుగు బోల్టులూ ముందు వేళ్ళతో, పైన కింద పలక సందు సమానంగా ఉండేలా చూసుకుని దించాను. తర్వాత మూల నుంచి మూలకి, ముగ్గు కలిపినట్టు, పొట్టి కీతో కొంచెం కొంచెం. ఆఖర్న రెంచి. మొదటి బోల్టు క్లిక్. ఎదురు మూలది క్లిక్. మూడోది, నాలుగోది. మళ్ళీ మొదటి దానికి వస్తే, అది క్లిక్ కొట్టే ముందు ఇంకో పిసరు తిరిగింది! తక్కినవి బిగిసేసరికి ఇది వదులైందన్నమాట. ఇలా మూడు చుట్లు తిరిగాక నాలుగూ కదలకుండా క్లిక్ అన్నాయి. అప్పుడు ముందు చక్రాన్ని మోకాళ్ళ మధ్య పట్టుకుని హ్యాండిల్ మీద ఒంటి బరువంతా వేశాను. కదల్లేదు.

నాకు నమ్మకం కుదరనిది ఆ బిగుతే. ఇంత తక్కువా? ఇంకా పావు చుట్టు తిప్పాలని చెయ్యి లాగేస్తోంది. క్లిక్ అన్నాక "దేనికైనా మంచిది" అని ఇంకోసారి నొక్కడం ఈ రెంచితో చేయకూడని మొదటి పని. ఒకసారి కొట్టాక ఇంకా నొక్కితే అది మామూలు పానాయే, ఆపేవాడు లేడు. మొదటి వారం రోజూ పొద్దున్న హ్యాండిల్ ఊపి చూసి బయల్దేరేవాణ్ణి. భీమిలి దాకా వెళ్ళొచ్చాను, గుంతల్లో పడ్డాను, హ్యాండిల్ పిసరు కూడా కదల్లేదు.

తర్వాత ఇంట్లో ఒక ఆట మొదలైంది. పాత స్టెమ్‌లో మంచిగా మిగిలిన మూడు మరలు ఉన్నాయి కదా. అందులో మామూలు ఎలన్ కీతో కళ్ళు మూసుకుని "ఇది 5" అనుకున్నంత బిగించాలి. తర్వాత రెంచి అంకె కొంచెం కొంచెం పెంచుకుంటూ బోల్టు ఎక్కడ కదులుతుందో చూడాలి. ఆగిన బోల్టు కదలడానికి బిగించినదానికన్నా కాస్త ఎక్కువే కావాలి కాబట్టి ఇది ఖచ్చితమైన కొలత కాదు, కానీ మా పందేనికి చాలు. నాది మొదటిరోజు 9, 8, 9. మా అమ్మాయిది 5, 6, 5. పుట్టి బుద్ధెరిగాక బోల్టు ముట్టుకోని పిల్ల. "నీకెలా తెలిసింది?" అంటే, "తెలీదు కాబట్టి భయంగా బిగించా" అంది. మా ఆవిడని కూడా పిలిస్తే, "ఊరగాయ జాడీ మూతకైతే ఎంతో చెప్తాను" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. రెండు నెలలు ఆదివారం ఆదివారం ఆడాక నా చెయ్యి 6కి దిగింది. ఇప్పటికీ అప్పుడప్పుడు 7 అవుతుంది, ముఖ్యంగా ఆఫీసులో గొడవపడి వచ్చిన రోజు.

క్రాంక్ బోల్టుకి ఈ రెంచి అందదు. 24 దగ్గరే దాని పని అయిపోతుంది, కావలసింది 40. దానికోసం ఇంకో పెద్ద రెంచి కొనడం దండగనిపించింది. ఊళ్ళకి వెళ్ళేటప్పుడు బ్యాగు తూచుకునే చిన్న కొక్కెం కాటా ఇంట్లో ఉంది. సాకెట్ పానాకి అర మీటరు హ్యాండిల్ ఉంది. బోల్టు మధ్య నుంచి 40 సెంటీమీటర్ల దగ్గర గట్టి తాడు కట్టి, దానికి కాటా కొక్కెం తగిలించి, హ్యాండిల్‌కి సరిగ్గా లంబంగా లాగాలి. కాటా 10 కిలోలు చూపించేసరికి 39 న్యూటన్ మీటర్లు. వంకరగా లాగితే లెక్క తప్పుతుంది, అందుకని అమ్మాయి వెనకనుంచి చూస్తూ "ఎడమకి, ఇంకా ఎడమకి" అని చెప్పింది. కాటా మీద 10 వచ్చేసరికి నాకు చెమట పట్టింది. ఇరుసులోకి క్రాంక్ ఇంకా ఇంకా దిగుతుంటే కిర్రు మని చిన్న చప్పుడు. పాత క్రాంక్ ఊడిన రోజుల్లో నేను బిగించింది ఎంత ఉంటుందో అని అప్పుడు క్రాంక్‌కి వాడిన పొట్టి కీతో మళ్ళీ అలాగే బిగించి, కొక్కెం కాటాతో కదిలించి చూశాను. నాలుగున్నర కిలోలు రాకముందే కదిలింది. అంటే 18 కూడా లేదు. బాబాయ్ ముద్దు చేశావన్నది ఇదే.

మిగతా పనుల్లో చెప్పుకోవాల్సింది పెద్దగా లేదు. బ్రేకు కాలిపర్ (డిస్కుని రెండువైపులా నొక్కే ముక్క) బోల్టులు 6 నుంచి 8, హాయిగా రెంచికి అందే చోటు. సీటు గొట్టం పట్టీ మీద అంకె ఉంటే అది చూసుకోవాలి, నాదానికి 6 రాసుంది. అక్కడ గ్రీజు రాసి ఆ అంకెకి బిగించాక రెండేళ్ళ కిర్రు చప్పుడు పోయింది. పెడల్ 35, మళ్ళీ కొక్కెం కాటా. ఎడమ పెడల్‌ది ఎదురు మర అన్న సంగతి కొత్తవాళ్ళు మర్చిపోకూడదు.

రెంచి కొన్న వార్త అపార్టుమెంటులో పాకింది. పై అంతస్తు ఆయన వచ్చి "మీ దగ్గర పెద్ద పానా ఏదో ఉందటగా, వాషింగ్ మెషీన్ బోల్టు ఊడటం లేదు, ఒకసారి ఇస్తారా" అన్నాడు. ఇవ్వలేదు. బిగుసుకుపోయిన బోల్టులు ఊడదీయడానికి దీన్ని వాడితే వెల్డింగ్ షాపులో మేం చేసిన పరీక్ష అంతా గంగపాలు. ఆయనకి మామూలు పానా ఇచ్చి పంపాను. మొహం మాడ్చుకునే తీసుకెళ్ళాడు.

తూకం రాళ్ళు తిరిగి ఇవ్వడానికి వెళ్తూ సైకిల్ షాపు దగ్గర ఆగాను. బాబాయ్‌కి రెంచి చూపించి, మా ఇంటి ఆట ఆడమన్నాను. వద్దు వద్దంటూనే పాత స్టెమ్ తీసుకుని, తన నల్లటి పొట్టి కీతో మూడు బోల్టులూ బిగించి ఇచ్చాడు. మాట్లాడుతూనే బిగించాడు, బోల్టు వంక చూడను కూడా లేదు. రెంచి పెట్టి చూశాను. 5.4, 5.6, 5.4. నలభై ఏళ్ళ చెయ్యి.

రెంచి అటూ ఇటూ తిప్పి చూసి, చెవి దగ్గర పెట్టుకుని క్లిక్ కొట్టించి చూశాడు. "నా చెవికి ఇది వినబడదు బాబూ" అన్నాడు. ధర అడిగాడు. చెప్పాను. కాసేపు ఊరుకుని, "ఆదివారం ఒకసారి ఇయ్యి. కార్బన్ బండి ఒకటి వస్తాది. ఆ కుర్రాడు నా చెయ్యిని నమ్మడు, అంకె చూపించమంటాడు" అన్నాడు.

ఇచ్చాను. పని అయ్యాక పిడిని మళ్ళీ 2 దాకా వెనక్కి తిప్పి పెట్టమని, లేకపోతే లోపలి స్ప్రింగు అలాగే నొక్కుకుని ఉండి అంకె తప్పుతుందని రెండుసార్లు చెప్పాను. సోమవారం పొద్దున్న కుర్రాడితో పంపాడు, శుభ్రంగా తుడిచి, పాత కాటన్ బనీనులో చుట్టి. విప్పి చూస్తే 14 దగ్గర ఉంది. 2కి తిప్పి పెట్టెలో పెట్టాను.